మిర్చి బస్తా వెంట డీజిల్ లెక్క: ఎనుమాముల నుంచి ఓడరేవు దాకా

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కి ఏడు కిలోమీటర్ల దూరంలో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని యజమాని మిర్చి వ్యాపారి. యార్డులో కొంటాడు, నిల్వ పెడతాడు, కొంత హైదరాబాద్ మిల్లులకి, కొంత యూరప్‌కి పంపిస్తాడు. పేరెందుకు, ఇక్కడ అందరూ పిలిచినట్టే సేటు అంటాను. నేను ఎనర్జీ ఆడిటర్‌ని. మామూలుగా నన్ను పిలిచేది కరెంటు బిల్లు ఎందుకింత వస్తుందో చూడమని. ఈసారి ఒక ఫారం నింపమని పిలిచాడు.

ఆ ఫారం యూరప్‌లో సరుకు కొనే కంపెనీ పంపింది. నాలుగు పేజీలున్నా అడిగింది ఒక్కటే: ఒక టన్ను మిర్చి రైతు ఊర్లో బయల్దేరి ఓడరేవు గేటుకి చేరేసరికి ఎన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసింది? సేటుకి టెన్షన్ పట్టుకుంది. 2026 నుంచి యూరప్ సరిహద్దులో కార్బన్ పన్ను పడుతుందని ఎవరో చెప్పారట. ఆ పన్ను ఇనుము, ఉక్కు, సిమెంటు, అల్యూమినియం, ఎరువులు, హైడ్రోజన్, కరెంటు మీద; మిర్చి అందులో లేదు. ఆ మాట చెప్పాక కుర్చీలో వెనక్కి వాలాడు.

"అయితే అల్కగనే అయితది సార్. మనం రెండు ఎలక్ట్రిక్ ట్రాలీ ఆటోలు కొన్నం గదా. వాటి ఫొటోలు పెట్టుండ్రి."

ఆ ఆటోలు గేటు పక్కనే ఉన్నాయి. ఆకుపచ్చ రంగు, ముందు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టి. యార్డు నుంచి స్టోరేజీకి బస్తాలు తెస్తాయి. ఫొటోకి బాగుంటాయి, కాదనను. లెక్కలో ఎంత బాగుంటాయో చూద్దాం అన్నాను.

లీటర్లు చెప్తేనే లెక్క

రవాణా కార్బన్‌కి ఇంటర్నెట్‌లో రెడీమేడ్ అంకెలు దొరుకుతాయి: లారీకి ఇంత, రైలుకి ఇంత అని. వాటితో ఫారం ఒక మధ్యాహ్నంలో నిండిపోతుంది. కానీ ఆ అంకెల్లో నర్సంపేట రోడ్డు మీద పన్నెండు బస్తాలతో వచ్చే బొలెరో ఉండదు. నాకు కావాల్సింది అసలు కాలిన డీజిల్. లీటరు తెలిస్తే మిగతాది గుణకారమే: లీటరు డీజిల్ కాలితే సుమారు 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్, లీటరు పెట్రోలుకి సుమారు 2.3.

సేటు ఇక్కడ ఆపాడు. "లీటర్ డీజిల్ కిలో గూడ తూగది. రెండున్నర కిలోల గాలి ఎట్ల వస్తది సార్?" మంచి ప్రశ్న. ఇంజనీర్లు కూడా అడగడానికి మొహమాటపడే ప్రశ్న. లీటరు డీజిల్ 830 గ్రాముల పైచిలుకు తూగుతుంది, అందులో ఎక్కువ భాగం కార్బనే. కాలినప్పుడు ఒక్కో కార్బన్ పరమాణువు గాలిలోంచి రెండు ఆక్సిజన్ పరమాణువుల్ని తగిలించుకుంటుంది. కార్బన్ బరువు 12 అయితే ఆ రెండు ఆక్సిజన్‌ల బరువు 32. బరువులో ఎక్కువ వంతు మనం బంకులో కొన్నది కాదు, దారిలో గాలిలోంచి లాక్కున్నది.

వెంటనే ఇంకో మాట వచ్చింది: "మనయి బీఎస్-6 బండ్లు, పొగనే రాదు." 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 వల్ల మసి, నైట్రోజన్ ఆక్సైడ్లు బాగా తగ్గాయి, డీజిల్‌లో గంధకం 50 నుంచి 10 పీపీఎంకి దిగింది. ఊపిరితిత్తులకి అది పెద్ద మేలు. కార్బన్ డయాక్సైడ్‌కి మాత్రం దానితో పని లేదు. లీటరు కాలితే అదే 2.68. కంటికి కనిపించే పొగ వేరు, నేను లెక్కపెడుతున్నది వేరు.

నర్సంపేట అవతలి బొలెరో

మొదటి కొలత రైతు ఊరి దగ్గర. నర్సంపేట దాటాక ఒక ఊరు, యార్డుకి 40 కిలోమీటర్లు. తెల్లారక ముందే బొలెరో ఎక్కాను. పద్ధతి పాతదే: బంకులో ట్యాంకు నోటి దాకా కొట్టించడం, పోయి వచ్చాక అదే బంకులో అదే నాజిల్‌తో మళ్ళీ నోటి దాకా కొట్టించడం. రెండోసారి పట్టినదే ఖర్చయింది. డ్రైవర్ కుర్రాడు మొదటి నుంచీ నా నోట్‌బుక్ వైపే చూస్తున్నాడు. ఏ రోడ్డు ఎక్కాలి అని అడిగితే కూడా ఒక్క ముక్కలో జవాబు. చాయ్ దగ్గర అడిగేశాడు: "సార్, డీజిల్ చెకింగ్‌కా? ఓనర్ పంపిండా?" కాదు తమ్మీ, ఇది వేరే లెక్క అని చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. అంతకుముందు మైలేజీ పదహారు ఇస్తది అన్నవాడు, చాయ్ తాగాక "నిజం చెప్పాల్నంటే పదమూడు" అన్నాడు. కొలిస్తే 12.9 వచ్చింది. డ్రైవర్ల నోటి మాటలతో ఆడిట్లు చేసేవాళ్ళు ఈ చాయ్ తప్పకుండా తాగాలి.

పోయి రావడం 80 కిలోమీటర్లకి 6.2 లీటర్లు, అంటే 16.6 కిలోల కార్బన్ డయాక్సైడ్. బండిలో 25 బస్తాలు, బస్తా సుమారు 40 కిలోలు, మొత్తం ఒక టన్ను. మిర్చితో బండి బరువుకి నిండదు, జాగాకి నిండుతుంది. టన్నున్నర మోసే బండి టన్నుకే గుట్టలా కనిపిస్తుంది. టన్నుకి 16.6 కిలోలు అని రాసుకున్నాను. ఖాళీగా వెనక్కి పోయిన 40 కిలోమీటర్లు కూడా మిర్చి ఖాతాలోనే వేశాను. రవాణా కార్బన్ లెక్కలకి 2023లో వచ్చిన ఐఎస్ఓ 14083 ప్రమాణం కూడా ఖాళీ ప్రయాణాన్ని వదిలేయొద్దనే అంటుంది. న్యాయంగా చూసినా అంతే, మిర్చి కోసం కాకపోతే ఆ బండి కదలదు.

రెండు రోజుల తర్వాత అదే బండి, అదే ఊరు, కానీ పన్నెండు బస్తాలే. ఆ రైతు తొలి ఏరుడు సరుకు పట్టుకొచ్చాడు. ముందురోజు జెండా పాట (యార్డులో పొద్దున జరిగే మొదటి వేలం) బాగా పోయిందని ఫోన్ వచ్చింది, ఉన్నంత వేసుకుని బయల్దేరాడు. బస్తాలు సగం తగ్గినా డీజిల్ 5.8 లీటర్లు తాగింది. అంటే 15.5 కిలోలు, 480 కిలోల సరుకు మీద. టన్నుకి 32 కిలోలు.

ఇప్పుడు పది టైర్ల లారీ చూడండి. స్టోరేజీ నుంచి హైదరాబాద్ మిల్లుకి 150 కిలోమీటర్లు, పన్నెండు టన్నుల మిర్చి. పోయేటప్పుడు లీటరుకి 4, ఖాళీగా వచ్చేటప్పుడు 5.5. మొత్తం 65 లీటర్లు, 174 కిలోలు. టన్నుకి 14.5. నూట యాభై కిలోమీటర్ల లారీ ప్రయాణం నలభై కిలోమీటర్ల బొలెరో కంటే చవక, అదీ బొలెరో నిండుగా వచ్చినప్పుడు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే సేటు కాలిక్యులేటర్ తీసి తనే మళ్ళీ వేసుకున్నాడు. హైవే మీద గర్జించుకుంటూ పోయే లారీని చూసి అందరూ ముక్కు మూసుకుంటారు. పన్నెండు బస్తాల బొలెరోని ఎవరూ తిట్టరు.

ఆకుపచ్చ ఆటోల సంగతి

యార్డు నుంచి స్టోరేజీకి 7 కిలోమీటర్లు. పాత డీజిల్ ట్రాలీ ఆటో పోయి రావడానికి 0.56 లీటరు, పన్నెండు బస్తాల మీద టన్నుకి 3.1 కిలోలు. ఎలక్ట్రిక్ ఆటోకి సబ్ మీటర్ పెట్టించాను: ప్లగ్ దగ్గర కిలోమీటరుకి 0.1 యూనిట్. మన గ్రిడ్ కరెంటుకి కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ లెక్క ప్రకారం యూనిట్‌కి సుమారు 0.72 కిలోల కార్బన్. టన్నుకి 2.1 వస్తుంది. అంటే మూడో వంతు తగ్గింది. మొత్తం ప్రయాణం మీద చూస్తే టన్నుకి ఒక్క కిలో.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. స్టోరేజీ కప్పు మీద సోలార్ ఉంది, ఆటోలు పగలే చార్జింగ్ పెడతారు. కాబట్టి వాటి కార్బన్ సున్నా అని మొదటి డ్రాఫ్టులో రాసేశాను. స్టోరేజీ ఎలక్ట్రీషియన్ ఆ కాగితం చూసి నవ్వాడు. "ఏప్రిల్ల మన సోలార్ కంప్రెసర్లకే సాలది సార్. నెట్ మీటర్ ఎన్కకి తిరిగిందే లేదు." నిజమే. మిర్చి స్టోరేజీకి చేరేది మార్చి నుంచి మే దాకా, ఎండలు మండేదీ అప్పుడే. సోలార్ నుంచి వచ్చిన ప్రతి యూనిట్ అమ్మోనియా కంప్రెసర్లకే పోతోంది. ఆటో లాక్కున్న యూనిట్‌కి బదులు గ్రిడ్ నుంచి ఇంకో యూనిట్ లోపలికి వస్తోంది. గ్రిడ్ అంటే మన దగ్గర ఎక్కడో దూరంలో ఉన్న మాట కాదు. రామగుండం ఎన్టీపీసీ 2,600 మెగావాట్లు, భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ (కేటీపీపీ) 1,100 మెగావాట్లు, రెండూ సింగరేణి బొగ్గు మీదే. సున్నా కొట్టేసి 2.1 రాశాను.

అయితే ఎలక్ట్రిక్ బండికి అన్యాయం చేయకూడదు. నేను డీజిల్‌కి వేసిన 2.68 పొగగొట్టం దగ్గరి లెక్క. ముడి చమురు తీయడం, రిఫైనరీ, ట్యాంకర్ కలిపితే ఇంకో ఐదో వంతు దాకా పెరుగుతుంది. కరెంటుకీ లైన్ల నష్టం కలపాలి. ఫారంలో ఇవన్నీ వేరే గడిలో ఇచ్చాను. ఏ రకంగా లెక్కేసినా ఎలక్ట్రిక్ ఆటోనే మేలు, శబ్దం లేదు, యార్డులో హమాలీల మొహం మీద పొగ లేదు. కొన్నప్పుడు రోడ్డు పన్ను మినహాయింపు కూడా దొరికింది. కొనడం తప్పని నేను అనలేదు. ఫారం మొదటి పేజీ దాని ఫొటోతో నింపడమే తప్పు అన్నాను.

చెన్నై అలవాటు

అసలు బరువంతా ఓడరేవు దారిలో ఉంది. సేటు కంటైనర్లు చెన్నై నుంచి ఎగుమతయ్యేవి. ఎందుకని అడిగితే, వాళ్ళ నాన్న రోజుల నుంచి క్లియరింగ్ ఏజెంట్ అక్కడే ఉన్నాడు, అంతే. ట్రెయిలర్ చెన్నై నుంచి ఖాళీ కంటైనర్ వేసుకుని ఖమ్మం, విజయవాడ మీదుగా దాదాపు 680 కిలోమీటర్లు వచ్చి, మళ్ళీ నిండుగా అంతే దూరం పోవాలి. రెండు వైపులా కలిపి 345 లీటర్లు, 925 కిలోలు. పద్నాలుగు టన్నుల మీద పంచితే టన్నుకి 66. ఇదే పెద్ద అంకె. కానీ ఆ పన్నెండు బస్తాల బొలెరోని మళ్ళీ గుర్తు చేసుకోండి: 40 కిలోమీటర్లకి 32, 680 కిలోమీటర్లకి 66.

పక్కనే కాజీపేట జంక్షన్ పెట్టుకుని రైలు ఎందుకు వాడరు అని అడిగేవాళ్ళు చాలామంది. నేనూ అడిగాను. గూడ్సు రైలు పూర్తి రేక్, అంటే మొత్తం రైలు, కావాలంటే పదిహేను వందల టన్నుల పైచిలుకు సరుకు ఒకేసారి ఉండాలి. సేటు సీజన్ మొత్తం ఎగుమతి దానికి దరిదాపుల్లో లేదు. చిన్న లోడుతో రైలెక్కిన ఉదాహరణ లేకపోలేదు: 2020 జులైలో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్ బెనాపోల్‌కి 16 పార్సిల్ వ్యాన్లలో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్ళింది. కానీ అది గుంటూరు, అక్కడ రైతులు, వ్యాపారులు కలిసి ఒక రైలు నింపగలిగారు.

మాకు కుదిరింది కంటైనర్ దారి. హైదరాబాద్ సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో ఉంది. ఖాళీ కంటైనర్ అక్కడి నుంచే తెచ్చుకుని, నింపి, 160 కిలోమీటర్లు రోడ్డు మీద తీసుకెళ్ళి అప్పగిస్తే, ముంబై దగ్గరి నవా షేవా ఓడరేవుకి రైలు మీద పోతుంది. రోడ్డు వాటా టన్నుకి 15.6 కిలోలు. రైలుకి టన్ను-కిలోమీటరుకి, అంటే ఒక టన్నుని ఒక కిలోమీటరు మోస్తే, 20 గ్రాములు వేశాను. సాధారణంగా చెప్పే అంకె కంటే ఇది బాగా ఎక్కువే. మిర్చి తేలిక, కంటైనర్ ఇనుము బరువు కూడా లాగాలి కదా అని. దాదాపు 800 కిలోమీటర్లకి 16 కిలోలు. మొత్తం 32 కూడా కాలేదు. నేను రైలుకి అంత కఠినంగా లెక్కేసినా చెన్నై దారిలో సగం లోపే.

సేటుకి నచ్చలేదు. రైలుకి మూడు నాలుగు రోజులు ఎక్కువ పడుతుంది, కటాఫ్ (ఓడకి సరుకు అప్పగించే గడువు) తప్పితే కంటైనర్ ఓడ ఎక్కకుండా కూర్చుంటుంది. కొత్త ఏజెంట్‌ని నమ్మాలి. మధ్యలో ఒకరోజు, "మామునూరు ఎయిర్‌పోర్ట్ అయితుంది గదా సార్, ఇమానంల పంపుదాం" అని జోకేశాడు. జోకే అయినా లెక్క చెప్పాను: విమాన సరుకు టన్ను-కిలోమీటరుకి 500 గ్రాముల పైమాటే. ఏడు వేల కిలోమీటర్లకి కిలో మిర్చి మీద మూడున్నర కిలోల కార్బన్. మిర్చి కంటే పొగ బరువు ఎక్కువ.

ఓడ సంగతి ఇక్కడే చెప్పాలి, లేకపోతే నా లెక్క కుదించినట్టు అవుతుంది. సముద్రం మీద టన్ను-కిలోమీటరు కార్బన్ చాలా తక్కువ, కానీ దూరం చాలా ఎక్కువ. ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక 2023 చివరి నుంచి చాలా ఓడలు సూయజ్ వదిలేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. అలా తిరిగితే ఓడ వాటా మా భూమ్మీద ప్రయాణమంతటినీ దాటేస్తుంది. ఈ అమ్మకంలో ఓడరేవు దాటాక బాధ్యత కొన్నవాళ్ళది, అందుకే ఫారం గేటు దగ్గర ఆగింది. వాళ్ళ ఖాతాలో వాళ్ళు రాసుకోవాలి.

డీసీఎం పోయిన రోజు

మొదటి మైలుకి నా మందు తేలికగానే అనిపించింది. ఆరుగురు రైతులు ఆరు బొలెరోలు కట్టుకునే బదులు ఒక డీసీఎం, అంటే ఓ మోస్తరు లారీ. 90 బస్తాలు, మూడు టన్నుల ఆరు వందల కిలోలు. పోయి రావడం 10.7 లీటర్లు, టన్నుకి 8 కిలోలు. బొలెరో నిండుగా వచ్చినదాంట్లో సగం. కిరాయి కూడా బస్తాకి తగ్గుతుంది. కాగితం మీద ఇంతకంటే ముద్దొచ్చే పథకం ఉండదు.

మొదటి రోజు ఐదు గంటలకి బయల్దేరాల్సిన డీసీఎం ఇద్దరి కోసం ఆగింది. ఒకాయన బస్తాలు రాత్రి కుట్టలేదు, ఇంకొకాయన అడ్తిదారుతో (యార్డులో సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంట్‌తో) ఫోన్‌లో తేల్చుకుంటున్నాడు. ఎనిమిదిన్నరకి కదిలింది. యార్డు చేరేసరికి జెండా పాట అయిపోయింది, మిగతా వేలంలో ఆ రోజు రేటు జారింది. దిగాక బస్తాలు కలిసిపోయి ఎవరివి ఎవరివో తేలడానికి ఇంకో గంట. ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి మర్యాదగానే అన్నాడు: "సారూ, నీ కార్బన్ తగ్గిందో లేదో గాని, మా రేటైతే తగ్గింది." జవాబు లేదు నా దగ్గర.

దాన్ని సరిచేసింది నేను కాదు, ఆ ఊరి వాళ్ళే. లోడింగ్ ముందురోజు సాయంత్రానికి మార్చారు. ఒక్కో రైతు బస్తాల మూతి ఒక్కో రంగు దారంతో కుట్టారు. బండి రాత్రే యార్డుకి చేరుతుంది, వంతుల వారీగా ఇద్దరు కాపలా పడుకుంటారు. ఆ రాత్రి నిద్ర ఖర్చు నా నోట్‌బుక్‌లో ఏ గడిలోనూ లేదు.

హైదరాబాద్ లారీకి వాపస్ లోడు వెతకడం ఇంత కష్టం కాలేదు. ఒక్కటే షరతు పెట్టాను: ఎరువులు, పురుగుమందులు, సిమెంటు ఎక్కించొద్దు. మర్నాడు అదే లారీలో తినే సరుకు పోవాలి, వాసన పట్టినా, అవశేషాలు తేలినా యూరప్‌లో కంటైనర్ వెనక్కి వస్తుంది. బేగంబజార్ నుంచి కిరాణా సరుకు, ప్యాకింగ్ డబ్బాలు, కొత్త గోనె సంచులు దొరికాయి. వాపస్ డీజిల్ ఆ సరుకు ఖాతాలోకి పోతే మిర్చికి టన్నుకి 14.5 బదులు 8.4. ప్రతి ట్రిప్పుకీ దొరకదు. లారీ డ్రైవర్‌కి వాపస్ కిరాయిలో కొంత వాటా ఇచ్చాక ఎక్కువసార్లు దొరకడం మొదలైంది, అదేం విచిత్రమో.

ఫారంలో అడగకపోయినా ఒక లెక్క సరదాకి వేశాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు ఊళ్ళ నుంచి ఒక్కో ఆటోలో ఎనిమిది మంది వచ్చేవాళ్ళు. అంత మందిని ఎక్కించడం చట్టం ఒప్పదు, నేనూ ఒప్పను. లెక్క మాత్రం లెక్కే. 28 కిలోమీటర్ల రాకపోకలకి మనిషికి 0.375 కిలో. హనుమకొండ నుంచి ఒక్కడే కారులో అంతే దూరం వచ్చిపోయే సేటుకి రోజుకి 4.3. పదకొండు మంది ఆడవాళ్ళ కంటే ఎక్కువ. 2023 డిసెంబర్ 9న ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక బస్సు పడే ఊళ్ళ వాళ్ళు బస్సుకి మారారు. ఎటూ తిరిగే బస్సులో ఒక మనిషి ఎక్కితే పెరిగే డీజిల్ దాదాపు లేనట్టే. సేటు కారు ఇంకా కారే.

ఫారంలో చివరికి రెండు అంకెలు ఇచ్చాను. పాత దారి: బొలెరో 16.6, ఆటో 3.1, చెన్నై 66, మొత్తం టన్నుకి దాదాపు 86. కొత్త దారి: డీసీఎం 8, ఎలక్ట్రిక్ ఆటో 2.1, సనత్‌నగర్ రైలు 32, మొత్తం 42. ఈ రెండోది ఎన్ని టన్నులకి నిజమైందో కూడా రాయాలని పట్టుబట్టాను. ఆ సీజన్ ఇరవై కంటైనర్లలో ఏడే రైలెక్కాయి. మిగతావి చెన్నైకే. కొన్న కంపెనీ నుంచి రెండు ప్రశ్నలు తిరిగొచ్చాయి, రెండూ ఖాళీ కంటైనర్ ఎక్కడి నుంచి వచ్చిందనే. వాళ్ళ వైపు ఎవరో తెలిసినవాళ్ళే చదివారని సంతోషం వేసింది.

రంగు దారాల పద్ధతి ఇప్పుడు రెండు ఊళ్ళలో నడుస్తోంది. మూడో ఊరికి రెండుసార్లు పోయి మాట్లాడాను. అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో అడ్తిదారు దగ్గర అప్పు ఉంది, ఎవరి సరుకు ఎప్పుడు యార్డుకి చేరాలో ఆ అడ్తిదారే ఫోన్ చేసి చెప్తాడు. ఆ ఊరి బొలెరోలు ఇంకా పన్నెండు, పదిహేను బస్తాలతోనే వస్తున్నాయి.